సిద్ధవటం పెన్న రేవు శుభ్రం చేద్దాం: మార్చి మొదటి ఆదివారం ఎవరెవరు రాగలరు?

పెన్నగట్టు
సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది సిద్ధవటం. బడిలో సైన్సు చెబుతాను. ఇక్కడి పెన్న రేవు శుభ్రం చేయడానికి ఒక పూట సాయం రాగలవాళ్ళ కోసం రాస్తున్నాను.

చోటు తెలియనివాళ్ళకు చెబుతాను. కడప నుంచి పాతిక కిలోమీటర్లలోపే. ఏటికి ఈ పక్క ఊరు, మట్లి రాజుల కోట. ఆ పక్క లంకమల అడవి, 1988 నుంచి అభయారణ్యం. నడుమ పెన్న. ఎండలు ముదిరేసరికి ఏరంతా ఇసుకే, ఒకటి రెండు పాయలు మాత్రం సన్నగా పారుతుంటాయి. దుప్పులు తెల్లవారుజామున ఆ పాయ దగ్గరికే నీళ్ళకు దిగుతాయి. పొద్దున్నే పోతే ఇసుకలో గిట్టల గుర్తులు వరసగా కనిపిస్తాయి. నిన్న నేను చూసిన వరసలో ఒక గుర్తు సరిగ్గా పగిలిన బీరు సీసా పక్కనే పడింది. ఇంకో రెండు అంగుళాలు ఇటు పడి ఉంటే దాని కాలు తెగేది. అది చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు.

శివరాత్రికి నిత్యపూజకోనకు పోయేవాళ్ళు చాలామంది ఈ రేవులో స్నానం చేసి పోతారు. పండగ అయిపోయాక మిగిలేది నీళ్ళ ప్యాకెట్లు, థర్మాకోల్ ప్లేట్లు, షాంపూ ప్యాకెట్లు, తడిబట్టలు. కార్తీకంలో పడినవి ఇంకా అలాగే ఉన్నాయి.

మార్చి మొదటి ఆదివారం పొద్దున 6 నుంచి 9 వరకు. తొమ్మిది దాటితే ఇసుక కాలుతుంది, అంతకు మించి ఎవరినీ నిలబెట్టను. ముప్పై మంది వస్తే రేవు నుంచి బ్రిడ్జి దాకా చేయగలం. టిఫిన్ నేను చూసుకుంటాను.

బుగ్గవంక
సోమవారం, రాత్రి 9:48

అక్కా, నేను వస్తాను. నాతో నలుగురు ఫ్రెండ్స్ వస్తారు. రెండు బైకులున్నాయి, ఇంకొకటి చూసుకుంటాం.

మా ఇల్లు కడపలో వంక పక్కనే. 2020 నవంబరులో వంక పొంగినప్పుడు మా వీధిలో మోకాటి లోతు నీళ్ళు. నీళ్ళు తీసిపోయాక ఇంటి ముందర ఎన్ని ప్లాస్టిక్ కవర్లో! మా అమ్మ రెండు రోజులు ఊడ్చింది. ఎక్కడివి ఇవన్నీ అని అప్పుడు తిట్టుకున్నాం. మీ పోస్టు చదివాక మ్యాప్ తీసి చూశాను. మా వంక పోయి కలిసేది పెన్నలోనే, అదీ సిద్ధవటానికి ఎగువన. అంటే మా వీధిలో ఆగనివి మీ రేవుకు చేరుతున్నాయి. ఇన్నాళ్ళూ ఆ ఆలోచనే రాలేదు అక్కా. బాధేసింది.

ఏమేం తెచ్చుకోవాలో చెప్పండి.

పాతకోట
మంగళవారం, ఉదయం 6:20

అమ్మా, నీ ఉద్దేశం మంచిది. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను.

ఏడెనిమిదేళ్ళ కిందట ఇదే రేవుకు టౌను నుంచి ఒక బృందం వచ్చింది. బ్యానరు కట్టారు, ఒకే రకం టీషర్టులు వేసుకున్నారు. నేనూ, మా వీధివాళ్ళు ఇంకో పది మందీ పోయి వాళ్ళతో పాటు వంగి ఏరినాం. అప్పటికే నాకు అరవై దాటాయి. మధ్యాహ్నానికి నలభై గోతాలు నిండాయి. గట్టు మీద వరసగా పేర్చి, వాటి ముందర నిలబడి ఫొటోలు తీసుకున్నారు. బండి వస్తుంది, తీసుకుపోతుంది అని చెప్పి వెళ్ళిపోయారు.

బండి రాలేదు. వారం రోజులు ఫోన్ చేశాను. రేపు, ఎల్లుండి అన్నారు. ఆ తర్వాత ఎత్తడం మానేశారు. కుక్కలు గోతాలు చింపాయి. కొన్నింటికి ఎవరో నిప్పు పెట్టారు, ఆ పొగ మూడు రోజులు ఊళ్ళోకి కొట్టింది. మిగిలినవి వానాకాలం నీళ్ళకు మళ్ళీ ఏట్లోకే పోయాయి. ఇసుక మీద చెల్లాచెదురుగా ఉన్న దాన్ని మేమే మూటగట్టి నదికి అప్పజెప్పినట్టయింది.

కాబట్టి ముందు ఇది చెప్పు. ఏరింది యాడికి పోతుంది? దానికి జవాబుంటే చెప్పు, నేనూ వస్తా.

పెన్నగట్టు
మంగళవారం, మధ్యాహ్నం 1:35

పెదనాన్నా, మీరు అడిగింది సరైన ప్రశ్న. పంచాయతీ ట్రాక్టరు వస్తుందిలే అనుకున్నాను తప్ప నోరు తెరిచి ఎవరినీ అడగలేదు. ఈ రోజు బడి అయ్యాక పంచాయతీ ఆఫీసుకు పోతాను. బండి ఖాయం కాకుండా మనుషుల్ని పిలవను. అవసరమైతే తేదీ మారుస్తాను.

ఒంటిమిట్టోడు
మంగళవారం, సాయంత్రం 5:50

మేడమ్, ట్రాక్టరు, ట్రాలీ నాది పెట్టుకోండి. ఆ ఆదివారం నాకు పని లేదు. డీజిల్ కూడా నాదే. మా అరటి తోటకు నీళ్ళిచ్చేది ఈ పెన్నే, దానికి ఒక పూట పని చేస్తే అరిగిపోను.

యూరియా గోతాలు మా చుట్టుపక్కల ఇళ్ళల్లో కుప్పలు పడి ఉంటాయి. కడిగి తెస్తాను. కొత్త చెత్త కవర్లు కొనొద్దండి. చెత్త ఏరడానికి ఇంకింత ప్లాస్టిక్ కొనడం ఎందుకు? గాజుపెంకులకు ఆ పల్చటి కవర్లు నిలవవు కూడా.

గువ్వలచెరువు
మంగళవారం, రాత్రి 10:05

నేను పక్షుల్ని చూడటానికి పెన్న వెంబడి తిరుగుతుంటాను. రేవు శుభ్రం చేయడం నాకూ ఇష్టమే. అయితే తేదీ చూడగానే కొంచెం టెన్షన్ వచ్చింది. ఎందుకో వివరంగా చెబుతాను, పొడుగైనా చదవండి.

తీతువు పిట్ట అందరికీ తెలుసు. రాత్రిపూట అరిస్తే చావు కబురు వస్తుందని పెద్దవాళ్ళు తిట్టేది దాన్నే. పాపం అది అరిచేది తన గుడ్ల కోసం. అది చెట్టు మీద గూడు కట్టదు. నేల మీద, గులకరాళ్ళ మధ్య చిన్న గుంట చేసి అందులో మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్ల మచ్చలు. రాయికీ గుడ్డుకూ తేడా తెలియదు. నేను ఒకసారి గూడు ఉందని తెలిసి కూడా, కాలు పెట్టబోయి ఆగిపోయాను. అడుగు దూరంలో ఉన్నా కళ్ళకు ఆనలేదు. గుడ్లు పెట్టేది మార్చి నుంచి వానలదాకా. పొదిగి పిల్ల కావడానికి దగ్గరదగ్గర నాలుగు వారాలు. ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే పక్షులు ఇంకా ఉన్నాయి. వాటికీ ఎండాకాలమే.

ముప్పై మంది చేతిలో గోతాలతో, చూపు చెత్త మీద పెట్టుకుని, తిన్నె మీద అడ్డదిడ్డంగా నడిస్తే ఎన్ని గుడ్లు తొక్కుతామో మనకే తెలియదు. తొక్కకపోయినా, తల్లి గంటసేపు లేచి పోతే ఎండకు గుడ్లు ఉడికిపోతాయి.

గండికోట_నడక
మంగళవారం, రాత్రి 10:40

అన్నా, మరి ఏం చేయమంటావు? మనం పోకపోతే ఆ చెత్త అక్కడే ఉంటుంది. దానివల్ల కూడా పక్షులకు ప్రమాదమే కదా. గుడ్లు ఉన్నాయని ఊరుకుంటే ఎండాకాలమంతా ఊరుకోవాల్సిందే, ఆ తర్వాత వరద వచ్చి మొత్తం దిగువన సోమశిల డ్యాముకు తోసేస్తుంది. మేము ట్రెక్కింగుకు పోయినప్పుడు చూశాం, 2021 నవంబరు వరద తర్వాత ఒడ్డున తుమ్మచెట్ల కొమ్మలకు చీరముక్కలు, కవర్లు తోరణాల్లాగా వేలాడుతున్నాయి. అవన్నీ కింద పడి ఉన్నప్పుడు ఎవరైనా తీసి ఉంటే చెట్టెక్కేవి కావు.

నాకైతే వీలైనంత తొందరగా తీసేయడమే మంచిదనిపిస్తుంది.

గువ్వలచెరువు
మంగళవారం, రాత్రి 11:15

తమ్ముడూ, ఆపమనలేదు. ఎక్కడ నడవాలి అనేదే నా మాట. చెత్తలో ఎక్కువ భాగం ఉండేది రేవు మెట్ల దగ్గర, బ్రిడ్జి కింద, బండ్లు ఆపే చోట. అక్కడ రోజూ జనం తిరుగుతారు, పిట్ట గుడ్లు పెట్టదు. అక్కడంతా నిర్భయంగా చేద్దాం. గులకరాళ్ళు ఎక్కువున్న నడిమి తిన్నెలు మాత్రం వదిలేద్దాం. వాటిని డిసెంబరు, జనవరిలో చేసుకోవచ్చు, అప్పుడు గూళ్ళుండవు.

ముందురోజు శనివారం నేను పొద్దున్నే వచ్చి నడిచి చూస్తాను. తీతువు నెత్తి మీదికొచ్చి అరుస్తూ తిరిగిందంటే అక్కడెక్కడో గూడుంది. ఆ చోటు చుట్టూ దూరంగా రాళ్ళు పేరుస్తాను. జెండాలు, రిబ్బన్లు కట్టను. అవి కాకులకూ కుక్కలకూ దారి చూపించినట్టు అవుతుంది.

గండికోట_నడక
బుధవారం, ఉదయం 7:30

సరే అన్నా, అర్థమైంది. శనివారం నేనూ నీతో వస్తాను. గూడు ఎలా గుర్తుపట్టాలో నేర్చుకుంటాను.

బెంగళూరులో_బద్వేలు
బుధవారం, ఉదయం 11:00

ఇక్కడి నుంచి రాలేకపోతున్నాను, కానీ ఒక విషయం గుర్తు చేయాలి. ఏటి అవతలి ఒడ్డు దాటితే అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. పైగా అది ఎర్రచందనం అడవి. పది ఇరవై మంది గోతాలు, కత్తులు, కర్రలు పట్టుకుని తెల్లవారుజామున అటు వైపు కనిపిస్తే ఫారెస్టు వాళ్ళు ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. రేంజి ఆఫీసులో ముందే ఒక కాగితం ఇవ్వండి. వీలైతే బీట్ ఆఫీసర్‌ను కూడా రమ్మనండి.

ఇంకొకటి. అడవి ఒడ్డున పడిన ఎండు కట్టె, ఆకు, కాయలాంటివి చెత్త కాదు, వాటిని ముట్టుకోవద్దు. ఆ అడవంటే నాకు ప్రాణం. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మన కడప జిల్లా చిట్టడవిలోనే బతికి దొరికింది. దాన్ని పట్టి చూపించింది మన పల్లె మనిషే, చదువుకున్న శాస్త్రవేత్త ఆయన వెంట నడిచి నేర్చుకున్నాడు. చిన్నప్పుడు మా తాత ఆ కథ చెప్పేవాడు.

కడప_స్టాఫ్‌నర్సు
బుధవారం, మధ్యాహ్నం 2:20

రేవు పనికి పోయేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. ఇలాంటి చోట్ల కాలు తెగించుకుని మా దగ్గరికి వచ్చేవాళ్ళను చూస్తూనే ఉంటాను.

చెప్పులు వద్దు, మందం అడుగున్న బూట్లు వేసుకోండి. పల్చటి సర్జికల్ గ్లౌజులు గాజుకు ఆగవు, సిమెంటు పని చేసేవాళ్ళు వేసుకునే రబ్బరు పూత గ్లౌజులు కొనుక్కోండి. టీటీ ఇంజెక్షన్ పదేళ్ళలోపు వేయించుకుని ఉంటే సాధారణంగా చాలు. మురికి గాయమైతే అయిదేళ్ళు దాటినా మళ్ళీ వేస్తారు. గుర్తులేకపోతే ముందే వేయించుకోండి.

సిరంజి, సూది కనబడితే చేత్తో తీయొద్దు. క్యాప్ పెట్టే ప్రయత్నం అసలు వద్దు. పటకారుతో పట్టుకుని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించండి. ఆ డబ్బా గోతంలో వేయకుండా పీహెచ్‌సీకి ఇవ్వండి, మేము మా వ్యర్థాలతో పాటు పంపిస్తాం. సూది గుచ్చుకుంటే పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బుతో పారే నీళ్ళకింద కడిగి వెంటనే ఆసుపత్రికి రండి, ఆలస్యం చేయొద్దు.

ఇంకా బట్టల కుప్పలు. వాటి కింద చల్లగా ఉంటుంది, రక్తపింజర, కట్లపాము చేరతాయి. చెయ్యి పెట్టకముందు కర్రతో తిప్పండి. దేవుడు మేలు చేసి ఏమీ జరగకూడదు, జరిగితే మాత్రం కట్లు కట్టొద్దు, కోయొద్దు, మంత్రం అనొద్దు. కాలు కదపకుండా పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి.

ముందురోజు శనివారం రాత్రి నాకు డ్యూటీ. పొద్దున దిగి నేరుగా వస్తాను, ఫస్ట్ ఎయిడ్ పెట్టె నాది.

పెన్నగట్టు
గురువారం, రాత్రి 8:45

రెండు రోజులు తిరిగాను. తెలిసింది చెబుతాను.

పంచాయతీలో చెత్త నుంచి సంపద తయారు చేసే షెడ్డు ఉంది. పారిశుద్ధ్య కార్మికులతో మాట్లాడాను. వాళ్ళు చెప్పింది ఒకటే: కలిపి తెస్తే తీసుకోం, వేరు చేసి తెస్తే తీసుకుంటాం. అందులో తప్పేముంది? కుళ్ళిన పూలు, బీరు సీసా, డైపరు ఒకే గోతంలో పోసి ఇస్తే దాన్ని వేళ్ళతో వేరు చేయాల్సింది వాళ్ళే. మనం ఒక పూట చేసి సంతోషపడి ఇంటికి పోతాం, వాళ్ళు రోజూ అదే పని చేస్తారు. అందుకని రేవు దగ్గరే వేరు చేద్దాం. నీళ్ళ సీసాలు, గట్టి ప్లాస్టిక్ ఒక గోతం. గాజు ఒకటి, దానికి రెండు గోతాలు ఒకదానిలో ఒకటి పెట్టి. టెంకాయ చిప్పలు, పూలు, విస్తళ్ళు ఎరువు గుంటకు. పాలిథిన్ పూత ఉన్న విస్తరి అందులోకి పోదు, చింపి చూస్తే పొర తెలుస్తుంది.

అన్నిటికంటే తలనొప్పి చిప్స్ ప్యాకెట్లు, పాన్ మసాలా ప్యాకెట్లు. లోపల వెండిరంగు పొర, బయట ప్లాస్టిక్ పొర అతికి ఉంటాయి కాబట్టి పాత సామాను కొనేవాళ్ళు ముట్టుకోరు. వీటిని విడిగా పోగుచేసి, మూటలు కట్టి, సిమెంటు ఫ్యాక్టరీల కొలిమిలో ఇంధనంగా పంపే పద్ధతి దేశంలో ఉంది. బాగా ఎక్కువ వేడి మీద కాలుతుంది కాబట్టి గట్టు మీద మంటలాగా విషపు పొగ రాదు. మన జిల్లాలో ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలకు కొదవా? పంచాయతీ కార్యదర్శి గారు పై ఆఫీసుకు రాసి కనుక్కుంటామన్నారు. అప్పటిదాకా షెడ్డులో వానకు తడవకుండా పెట్టడానికి ఒప్పుకున్నారు. రాతపూర్వకంగా తీసుకున్నాను.

రేంజి ఆఫీసులో కాగితం ఇచ్చాను. అవతలి ఒడ్డు వద్దన్నారు, ఇవతలి ఒడ్డుకూ ఏటికీ అభ్యంతరం లేదన్నారు.

పెదనాన్నా, ఇప్పుడు వస్తారా?

పాతకోట
గురువారం, రాత్రి 9:05

వస్తా తల్లీ.

రేవుపంతులు
శుక్రవారం, ఉదయం 5:40

ఈ చర్చ మా అబ్బాయి చూపించాడు. మాది రేవు దగ్గర కర్మకాండలు చేయించే కుటుంబం. బట్టల సంగతి ఎవరూ తెగించి మాట్లాడటం లేదు కాబట్టి నేను మాట్లాడతాను.

ఏట్లో బట్టలు పడేది ఎక్కువగా మా దగ్గరికి వచ్చేవాళ్ళ వల్లే. పోయినవాళ్ళ బట్టలు, స్నానం చేసిన తడిబట్టలు వదిలిపోవాలని పట్టుబడతారు. మా నాన్నగారి రోజుల్లో అవి నూలు బట్టలు, రెండు వానలకు మట్టిలో కలిసేవి. ఇప్పుడు అన్నీ పాలిస్టరు. ఏళ్ళ తరబడి ఇసుకలో సగం పూడి ఉంటాయి. దుఃఖంలో ఉన్న మనిషికి ఆ సమయంలో చెప్పాలంటే నోరు రాదు. అలాగని చెప్పకుండా ఊరుకోవడం నా తప్పే.

మా నాన్నగారు ఒక మాట అనేవారు: వదలాల్సింది మమకారం, దానికి ఒక్క నూలుపోగు చాలు. ఇక నుంచి నేను ఆ మాటే చెబుతాను. నూలుపోగు ఒకటి నీళ్ళలో వదిలిస్తాను, బట్టలు ఒడ్డున ఒక చోట పెట్టిస్తాను. అక్కడ ఒక పెద్ద డ్రమ్ము పెట్టిస్తే మిగతా పంతుళ్ళకు కూడా చెప్పి ఒప్పించే పూచీ నాది. దేవుడి పటాలకు కూడా ఇంకో డ్రమ్ము కావాలి. గాజు పగిలి కాళ్ళకు గుచ్చుకునేది వాటిదే.

ఒంటిమిట్టోడు
శుక్రవారం, ఉదయం 8:10

స్వామీ, డ్రమ్ములు రెండు నేను తెస్తాను. తోటలో మందు డ్రమ్ములు కాదు, నీళ్ళవే.

బుగ్గవంక
శుక్రవారం, రాత్రి 9:30

అక్కా, మా వీధిలో ఇంకో ఆరుగురు వస్తామంటున్నారు. మొత్తం పదకొండు మంది. ఫస్ట్ బస్సుకు వస్తే ఆలస్యమవుతుంది, ఆటో మాట్లాడాం.

గువ్వలచెరువు
శనివారం, ఉదయం 10:20

పొద్దున నడిచి చూశాం. బ్రిడ్జికి దిగువన నడిమి తిన్నె మీద ఒక గూడు ఉంది, గుడ్లు రెండే, ఇంకా పెడుతూ ఉంది. చుట్టూ ఇరవై అడుగుల దూరంలో రాళ్ళు పేర్చి వచ్చాం. రేపు అటు ఎవరూ పోవద్దు. రేవు పక్క, బ్రిడ్జి కింద ఏమీ లేవు.

పెన్నగట్టు
ఆదివారం, మధ్యాహ్నం 3:50

నలభై ఒక్క మంది వచ్చారు. అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

బ్రిడ్జి కింద అనుకున్న దానికంటే ఎక్కువ ఉంది. పైన కనిపించేది ఏరి పైకి లేద్దామనుకునేసరికి ఇసుకలో ఇంకో పొర. గాజు అయితే చేత్తో తీయడం కుదరలేదు. అప్పుడు పాతకోట పెదనాన్న ఇంటికి పోయి, ఇల్లు కట్టినప్పటి ఇసుక జల్లెడ తెచ్చారు. ఆ వయసులో ఆయనే ఏటవాలుగా కర్రలు పెట్టి నిలబెట్టారు. పిల్లలు పారతో ఇసుక విసిరితే మెత్తటి ఇసుక అటు పడి, ఇటు గులకరాళ్ళు, సీసా పెంకులు, తుప్పు పట్టిన బ్లేడు ముక్కలు నిలిచేవి. గోధుమరంగు పెంకులు, ఆకుపచ్చ పెంకులు ఎండకు మెరుస్తుంటే రాళ్ళ నుంచి వేరు చేయడం సులువైంది. స్నానాల మెట్ల ముందు పది అడుగుల పొడవు చోటు జల్లించడానికే గంటన్నర పట్టింది. అక్కడి నుంచి వచ్చిన గాజు రెండు గోతాలు. రోజూ పిల్లలు ఆ చోటులో వట్టికాళ్ళతో దిగుతారు.

ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. ఒక అబ్బాయికి వేలు చీరుకుంది, నర్సమ్మ గారు అక్కడే కట్టు కట్టారు. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చిన మనిషి చివరిదాకా కూర్చోలేదు.

గోతాలు వేరు చేసినవి వేరు చేసినట్టే ట్రాలీకి ఎక్కించి, మేము కూడా వెంటపోయి షెడ్డులో దింపి వచ్చాం. పెదనాన్న షెడ్డు తలుపు వేసేదాకా కదల్లేదు.

గండికోట_నడక
ఆదివారం, సాయంత్రం 6:15

అక్క తాబేలు సంగతి రాయలేదు, నేను రాస్తాను.

పాయ ఒడ్డున తుంగలో ఒక నైలాన్ వల ముక్క చిక్కుకుని ఉంది. దారం వెంట్రుకంత సన్నం, నీళ్ళలో కనబడదు. లాగుతుంటే బరువుగా వచ్చింది. చూస్తే అరచేతి కంటే కొంచెం పెద్ద తాబేలు. ముందరి కాలికీ మెడకూ దారం చుట్టుకుని చర్మంలోకి దిగిపోయింది. తల లోపలికి తీసుకుందామన్నా దారం అడ్డం. ఎంతసేపటి నుంచి కొట్టుకుందో, కాలి గోళ్ళ దగ్గర తెల్లగా ఒరుసుకుపోయింది. కదలట్లేదు, చచ్చిపోయిందే అనుకున్నాం.

గువ్వలచెరువు అన్న తడి గుడ్డ దాని మీద కప్పి, లాగొద్దు కోయాలి అన్నాడు. నర్సమ్మ గారి చిన్న కత్తెరతో ఒక్కొక్క పోగూ కత్తిరించారు. నేను పెంకు పట్టుకున్నాను. పదిహేను నిమిషాలు పట్టి ఉంటుంది. మెడ మీది ఆఖరి దారం తెగగానే తల మెల్లగా బయటికి పెట్టింది. ముక్కు గొట్టంలాగా చిన్నగా ఉంది. బీట్ ఆఫీసర్ అక్కడే ఉన్నారు, ఇది వన్యప్రాణి చట్టం కింద ఉన్నది, ఇంటికి తీసుకుపోయి పెంచుతామనొద్దు అని పిల్లలకు చెప్పారు. గాయం పైపైనే ఉందని చూసి నీళ్ళ అంచున పెట్టాం. కాసేపు అలాగే ఉంది. తర్వాత నాలుగు కాళ్ళూ ఒకేసారి ఆడించి బురదలోకి పోయింది. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి.

వల ముక్కలు ఇంకా మూడు దొరికాయి. చేపలు పట్టే అన్నలు ఇద్దరు అక్కడికొచ్చారు. చినిగిన వల వదిలేయకుండా మా డ్రమ్ములో వేయమని అడిగితే, సరే అన్నారు. వాళ్ళకూ నష్టమేనట. వదిలేసిన వలలో చేపలు చిక్కి కుళ్ళిపోతాయి.

బెంగళూరులో_బద్వేలు
ఆదివారం, రాత్రి 8:00

చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉగాదికి ఊరికి వస్తున్నాను. అప్పుడు ఏదైనా పని ఉంటే చెప్పండి.

ఒక సలహా. రేవు దగ్గర బడ్డీకొట్లతో కూడా మాట్లాడండి. థర్మాకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ స్పూన్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధమే. 120 మైక్రాన్లకన్నా పల్చటి క్యారీ కవర్లు కూడా ఆ ఏడాది చివరి నుంచి వద్దన్నారు. అయితే చట్టం చూపించి భయపెడితే లాభం లేదు. అడ్డాకుల విస్తళ్ళు ఎక్కడ చవకగా దొరుకుతాయో కనుక్కుని చెబితే వాళ్ళే మారతారు. అయిదారు కొట్లే కదా.

బుగ్గవంక
సోమవారం, ఉదయం 7:15

మేము పదకొండు మందీ ఆటోలో తిరిగి వస్తూ మాట్లాడుకున్నాం. బ్రిడ్జి కింద మాకు దొరికిన పాల ప్యాకెట్ల మీద, బేకరీ కవర్ల మీద కడప షాపుల అడ్రసులున్నాయి. ఒక బేకరీ అయితే మా వీధి చివరే.

వచ్చే ఆదివారం నుంచి మా వీధి పొడవునా వంక గట్టు చూసుకుంటాం. అక్కడ ఇనుప తీగ వల అడ్డం కట్టి తేలే చెత్త ఆపొచ్చా అని ఒక ఫ్రెండ్ అడిగాడు. ఇంజనీరింగు తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి, వరద రోజున అదే అడ్డమై నీళ్ళు ఇళ్ళల్లోకి రాకూడదు. మున్సిపాలిటీని అడగకుండా ఏమీ చేయం.

పాతకోట
సోమవారం, సాయంత్రం 6:40

ఈ రోజు షెడ్డుకు పోయి చూసి వచ్చా. గోతాలు అక్కడే ఉన్నాయి. సీసాలు, గట్టి ప్లాస్టిక్ కొనేవాడు వచ్చి తూకం వేయించుకుని తీసుకుపోయాడు, ఆ డబ్బులు పారిశుద్ధ్య కార్మికులకే ఇచ్చారు. ప్యాకెట్ల గోతాలు పద్నాలుగు. లెక్కబెట్టి వచ్చా. ప్రతి సోమవారం పోయి లెక్కబెడతా. అవి పోయిన రోజు ఇక్కడ రాస్తా.

గువ్వలచెరువు
మూడు వారాల తర్వాత, శనివారం, ఉదయం 9:50

గూట్లో గుడ్లు నాలుగయ్యాయి. ఈ రోజు దూరం నుంచి బైనాక్యులర్లో చూశాను, తల్లి రొమ్ము ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఎండకు అలా చల్లబరుచుకుంటుంది. రాళ్ళు ఎవరూ కదపలేదు.

డ్రమ్ములో బట్టలు సగానికి వచ్చాయి. ఏట్లో కొత్తగా ఒక్క చీర కనబడింది, కర్రతో తీసి డ్రమ్ములో వేశాను.

ఒంటిమిట్టోడు
శనివారం, మధ్యాహ్నం 12:30

డ్రమ్ము నేను ఆదివారం ఖాళీ చేస్తాను. గోతాలు ఇంకో నలభై ఉతికి దడి మీద ఆరేసినాను. డిసెంబరులో తిన్నెల పనికి కావాలన్నారు కదా, వానలకు ముందే వచ్చి తీసుకుపోండి, ఎలుకలు కొట్టకుండా ఎవరైనా ఇంట్లో అటక మీద పెట్టండి.

పెన్నగట్టు
శనివారం, మధ్యాహ్నం 12:45

మా ఇంట్లో పెడతాను అన్నా. సాయంత్రం వస్తున్నా.